ఫ్లేవర్ మార్చేటప్పుడు వేప్ ట్యాంక్: కడిగితే చాలా, కాయిల్ మార్చాలా, రెండో ట్యాంక్ కొనాలా?

వేప్ అంటే ఈ-సిగరెట్, ట్యాంకు అంటే అందులో ఫ్లేవర్ లిక్విడ్ నింపే భాగం. మెంథాల్ వాడిన ట్యాంకులో మామిడి ఫ్లేవర్ పోస్తే మొదట్లో మామిడి రాదు. మామిడి వాసన తగిలిన మెంథాలే వస్తుంది. అప్పుడు చాలామంది ట్యాంకు మొత్తం విప్పి, సబ్బుతో తోమి, ఆరబెట్టి, మళ్లీ ఆ పాత కాయిల్‌నే (లిక్విడ్‌ను వేడి చేసి ఆవిరి చేసే, తీగా దూదీ ఉన్న భాగం) బిగిస్తారు. ఇంత చేసినా పాత రుచి పోదు. కారణం, పాత ఫ్లేవర్ గాజును పెద్దగా పట్టుకోదు. కాయిల్ లోపలి దూదిలోనూ రబ్బరు రింగుల్లోనూ ఉండిపోతుంది. కాబట్టి ట్యాంకు ఎలా కడగాలో చూసేముందు కాయిల్ ఉంచాలా తీసేయాలా అన్నది తేల్చుకోవాలి. అది తేలితే మిగతా నిర్ణయాలు సులువు.

వేపింగ్ చట్టబద్ధంగా ఉన్న దేశాల్లో ఉంటూ, సిగరెట్ మానడానికి దీనికి మారిన పెద్దల కోసం ఈ పోలిక. భారతదేశంలో 2019 చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నిటినీ నిషేధించింది. లండన్ నుంచో డల్లాస్ నుంచో సెలవులకు ఇంటికి వచ్చేవాళ్లు పరికరాన్ని అక్కడే వదిలి రావాలి. పొగ అలవాటు లేనివాళ్లకు దీన్ని మొదలుపెట్టాల్సిన అవసరమే లేదు. నికోటిన్ గట్టిగా పట్టుకునే వ్యసనం.

బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆగిపోయింది. దాంతో నింపుకొనే ట్యాంకులు, పాడ్‌లు (చిన్న ప్లాస్టిక్ ట్యాంకులు) మొదటిసారి చేతికి తీసుకున్నవాళ్లు ఎక్కువయ్యారు. అక్కడ ట్యాంకు 2 మి.లీ., నికోటిన్ ఉన్న సీసా 10 మి.లీ. దాటకూడదు కాబట్టి చిన్న సీసాలు కొని తరచూ ఫ్లేవర్ మార్చడం మామూలే. ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది వాళ్ల నుంచే.

## ముందు చూసుకోవాల్సిన నాలుగు సంగతులు

రెండు ఫ్లేవర్ల మధ్య దూరం. స్ట్రాబెర్రీ నుంచి పుచ్చకాయకు వెళ్లడం చిన్న మార్పు. మెంథాల్ నుంచి కస్టర్డ్‌కు, దాల్చినచెక్క నుంచి మామిడికి వెళ్లడం పెద్ద మార్పు. దీనిలో వరస కూడా ముఖ్యమే. తేలికపాటి ఫ్లేవర్ నుంచి ఘాటైన దానికి వెళ్తే పాతది కొత్తదానిలో మునిగిపోతుంది. ఘాటైన దాని నుంచి తేలికపాటి దానికి వస్తేనే ఇబ్బంది.

కాయిల్ వయసు. దూది ఉన్న రెడీమేడ్ కాయిల్ మామూలుగా ఒకటి రెండు వారాలు బాగా పనిచేస్తుంది. బాగా తియ్యటి లిక్విడ్ అయితే ఇంకా తొందరగా నల్లబడుతుంది. ఆయుష్షు చివరికొచ్చిన కాయిల్‌ను కడిగి కాపాడే ప్రయత్నం వృథా.

ట్యాంకు దేనితో చేసింది. గాజు, స్టీలు దేనికైనా తట్టుకుంటాయి. ప్లాస్టిక్ ట్యాంకుల్లో పాలీకార్బోనేట్‌కూ యాక్రిలిక్‌కూ ఆల్కహాల్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. దాల్చినచెక్క, సోంపు, నిమ్మ జాతి ఫ్లేవర్లు కూడా అదే పని చేస్తాయి.

ఆరడానికి సమయం. కడిగిన ట్యాంకులో తడి ఉంటే కొత్త లిక్విడ్ పలచబడుతుంది, వేడెక్కినప్పుడు చిటపటలాడి వేడి చుక్కలు నోట్లోకి వస్తాయి. రాత్రంతా ఆరనిచ్చే వీలు లేనివాళ్లకు కొన్ని పద్ధతులు పనికిరావు.

## పాత రుచి ఎందుకు పోదు

ఈ-లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, వెజిటబుల్ గ్లిజరిన్. ఈ రెండూ నీళ్లలో పూర్తిగా కలిసిపోతాయి, గోరువెచ్చటి నీళ్లతో ఒకటి రెండుసార్లు కడిగితే పోతాయి. మిగిలేది ఫ్లేవర్. మెంథాల్, సోంపు వాసననిచ్చే అనెథోల్, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్, నారింజ తొక్కలోని లిమొనీన్ నూనె స్వభావం ఉన్నవి. నీళ్లలో అవి అంతంతమాత్రంగా కరుగుతాయి, ఆల్కహాల్‌లో బాగా కరుగుతాయి. సిలికోన్ రింగుల్లోకి, ప్లాస్టిక్‌లోకి మెల్లగా ఇంకిపోతాయి. ఆవకాయ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాను ఎన్నిసార్లు తోమినా వాసన వదలనట్టే, మెంథాల్ పీల్చుకున్న రింగు కడిగిన తర్వాత కూడా దాన్ని కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది.

దీనికి తోడు సుక్రలోజ్ అనే తీపి పదార్థం. అది ఆవిరై పోకుండా కాయిల్ మీదే నిలిచి, వేడికి నల్లటి పెచ్చుగా మారుతుంది. ఆ పెచ్చు ఏ ఫ్లేవర్ పోసినా మాడిన రుచిని కలుపుతుంది. కడిగితే కొంత కరుగుతుంది గానీ దూదిలో లోపలికి దిగినది రాదు.

## ఒక్కో పద్ధతి

### 1. కడగకుండా, పాతది అయిపోయాక కొత్తది పోయడం

ట్యాంకు అడుగున దూది తడిగా ఉండేంత లిక్విడ్ మిగిలినప్పుడు కొత్తది నింపడమే. పూర్తిగా ఎండే దాకా ఆగితే దూది మాడుతుంది, కాయిల్ అక్కడితో పోతుంది. మొదటిసారి నింపినప్పుడు రెండు రుచులూ కలిసి వస్తాయి, రెండోసారి నింపేసరికి దాదాపు సర్దుకుంటుంది. పండు నుంచి పండుకు మారేవాళ్లకు ఇంతకంటే అవసరం లేదు. మెంథాల్, దాల్చినచెక్క, కాఫీ, పొగాకు రుచుల తర్వాత ఇది పనిచేయదు. అప్పుడు రెండోసారి నింపినదాని రుచి కూడా పాడవుతుంది.

### 2. గోరువెచ్చటి నీళ్లతో పైపైన కడగడం

ట్యాంకును పరికరం నుంచి తీసి, మిగిలిన లిక్విడ్‌ను టిష్యూలోకి వంచి, కాయిల్ తీసి పక్కన పెట్టి, మిగతా భాగాలను చేతికి వెచ్చగా తగిలే నీళ్ల కింద రెండు నిమిషాలు కడగాలి. పాత తడి చాలావరకు పోతుంది. రింగుల్లో ఇంకినది పోదు. పాత కాయిల్ పారేసి కొత్తది వేయబోతున్నవాళ్లకు, ఫ్లేవర్ మరీ ఘాటైనది కాకపోతే, ఇది సరిపోతుంది. కష్టానికి తగ్గ ఫలితం ఎక్కువగా దక్కేది ఈ పద్ధతిలోనే.

### 3. పూర్తిగా విప్పి సబ్బునీళ్లతో

చాలామందికి నెలకు ఒకటి రెండుసార్లు అవసరమయ్యేది ఇది. పొరపాట్లు జరిగేదీ ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా:

1. ట్యాంకును పరికరం నుంచి వేరు చేయండి. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి చేతికి గ్లోవ్స్ వేసుకోండి.
2. నోటి దగ్గరి డ్రిప్ టిప్, పై మూత, గాజు, మధ్య గొట్టం, కాయిల్, అడుగు భాగం విడదీయండి. గట్టిగా పట్టేస్తే గాజును పట్టుకుని తిప్పకండి, పగిలి చెయ్యి కోస్తుంది. రబ్బరు బ్యాండ్ చుట్టి లోహ భాగాన్ని తిప్పండి.
3. రింగులను టూత్‌పిక్‌తో ఎత్తి తీయండి. సూది వాడితే రింగు చిరుగుతుంది. ఏది ఎక్కడిదో ముందే ఫోటో తీసుకుంటే బిగించేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు. సైజుల్లో తేడా చాలా చిన్నది.
4. అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చుక్కల వాసన లేని గిన్నెల సబ్బు వేసి, కాయిల్ తప్ప అన్నిటినీ 15–20 నిమిషాలు నాననివ్వండి. నిమ్మవాసన సబ్బు వాడితే ఆ నిమ్మే తర్వాతి ఫ్లేవర్‌లో దిగుతుంది.
5. మెత్తటి చిన్న బ్రష్‌తో స్క్రూ మరల సందులు, గాలి రంధ్రాలు, మధ్య గొట్టం లోపల రుద్దండి. గొట్టంలో ఆవిరి చల్లబడి గోధుమరంగు జిగురు పేరుకుంటుంది. చాలామంది మరిచిపోయేది దీన్నే. కాయిల్ కొత్తదైనా పాత రుచి వస్తోందంటే ముందు ఇక్కడ చూడాలి.
6. సబ్బు జారుడు పూర్తిగా పోయేదాకా కడగండి. లండన్, ఆగ్నేయ ఇంగ్లండ్ లాంటి కఠిన జలం ఉన్న ఊళ్లలో చివరిసారి డిస్టిల్డ్ నీళ్లతో కడిగితే గాజు మీద తెల్ల మచ్చలు రావు.
7. నూలు రాలని గుడ్డతో తుడిచి, గాలికి కనీసం 3–4 గంటలు, వీలైతే రాత్రంతా ఆరబెట్టండి. పరికరానికి తగిలే కింది పిన్ చుట్టూ తడి నిలుస్తుంది, టిష్యూ మొనతో అద్దండి.
8. రింగులు బిగించేటప్పుడు ఒక చుక్క లిక్విడ్ రాస్తే సాఫీగా జారతాయి. వాజిలీన్, కొబ్బరినూనె రాయకూడదు. నూనె ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోవడం ప్రమాదం.

ఈ పనికి వంట గిన్నెలు వాడకండి. విడిగా ఒక గిన్నె, ఒక బ్రష్ పెట్టుకుని పిల్లలకు అందనిచోట ఉంచాలి.

### 4. ఆల్కహాల్

మెంథాల్, సోంపు లాంటివి సబ్బునీళ్లకు లొంగనప్పుడు దీని అవసరం వస్తుంది. గాజు, స్టీలు భాగాలను 70 శాతం లేదా అంతకన్నా గాఢమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 10–15 నిమిషాలు ఉంచి, తర్వాత సబ్బునీళ్లతో, ఆపైన మంచినీళ్లతో కడగాలి. అది దొరకకపోతే ఫ్లేవర్ కలపని 40 శాతం వోడ్కాలో గంటసేపు నానబెట్టినా ఫలితం ఉంటుంది. సిలికోన్ రింగులను ఎక్కువసేపు ఉంచితే ఉబ్బుతాయి. ఒకటి రెండు నిమిషాలు చాలు.

ఏ స్పిరిట్ కొంటున్నారో లేబుల్ చదవాలి. బ్రిటన్ మందుల షాపుల్లో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ఆముదం, మిథైల్ సాలిసిలేట్ కలిపి ఉంటాయి. ఆల్కహాల్ ఎగిరిపోయినా ఆముదం పొర ట్యాంకులోనే ఉంటుంది. హార్డ్‌వేర్ షాపుల్లోని ఊదారంగు మిథిలేటెడ్ స్పిరిట్‌లో మిథనాల్ ఉంటుంది. రెండూ వద్దు.

మంటకు దూరంగా, కిటికీ తెరిచి ఈ పని చేయాలి. ట్యాంకు పూర్తిగా ఆరి, వాసన పూర్తిగా పోయాకే కాయిల్ వేడి చేయాలి. ప్లాస్టిక్ పాడ్‌లకు, యాక్రిలిక్ డ్రిప్ టిప్‌లకు ఈ పద్ధతి వాడొద్దు.

### 5. అల్ట్రాసోనిక్ క్లీనర్

కళ్లద్దాలు, నగలు శుభ్రం చేసే చిన్న మెషీన్ ఇది. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క సబ్బు, 3–5 నిమిషాల చొప్పున రెండుసార్లు. బ్రష్ చేరని మరల సందుల్లోని జిగురును ఇది బాగా ఊడగొడుతుంది. రింగులోకి ఇంకిన వాసనను మాత్రం తీయలేదు. తొట్టిలో ఆల్కహాల్ పోయకూడదు, ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. రంగు పూత ఉన్న ట్యాంకుల పెయింట్ లేచిపోవచ్చు. నాలుగైదు ట్యాంకులు, సొంతంగా తీగ చుట్టుకునే డెక్‌లు (తీగ, దూది అమర్చుకునే అడుగు భాగాలు) ఉన్నవాళ్లకు దీని ధర గిట్టుబాటవుతుంది. ఒక్క ట్యాంకు ఉన్నవాళ్లు ఆ డబ్బుతో కాయిల్స్ కొనుక్కోవడం మేలు.

### 6. ఫ్లేవర్‌కో ట్యాంక్ లేదా పాడ్

రోజులో మెంథాల్, కస్టర్డ్ రెండూ కావాలనుకునేవాళ్లకు ఏ కడుగుడూ పరిష్కారం కాదు. కాయిల్ ఒక్కటి మార్చినా బ్రిటన్‌లో సుమారు 2–3 పౌండ్లు అవుతుంది. వారానికి రెండుమూడుసార్లు మారిస్తే కొద్ది వారాల్లోనే అదనపు పాడ్ ధర దాటిపోతుంది. ఘాటైన ఫ్లేవర్‌కు ఒక పాడ్‌ను శాశ్వతంగా కేటాయించి, మూత మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. పక్కన పెట్టిన పాడ్‌ను నిలువుగా ఉంచాలి, లేకపోతే కారుతుంది. వారాల తరబడి వాడకపోతే లిక్విడ్ ముదురు రంగుకు తిరిగి రుచి మారుతుంది. అలాంటప్పుడు ఖాళీ చేసి పెట్టడమే మంచిది.

## పక్కపక్కన

| పద్ధతి | చేతి పని | ఆరే సమయం | ఘాటైన ఫ్లేవర్‌ పోతుందా | ప్లాస్టిక్‌కు సరేనా |
|---|---|---|---|---|
| కడగకుండా నింపడం | లేదు | లేదు | పోదు | సరే |
| గోరువెచ్చటి నీళ్లు | 5 నిమిషాలు | 1–2 గంటలు | కొంతే | సరే |
| విప్పి సబ్బునీళ్లు | అరగంట | 3–4 గంటలు లేదా రాత్రంతా | చాలావరకు, రింగులు తప్ప | సరే |
| ఆల్కహాల్, తర్వాత సబ్బు | ముప్పావు గంట | రాత్రంతా | బాగా పోతుంది | వద్దు |
| అల్ట్రాసోనిక్ | 15 నిమిషాలు | 3–4 గంటలు | చాలావరకు, రింగులు తప్ప | చాలావరకు సరే |
| విడి ట్యాంక్ | లేదు | లేదు | ఆ సమస్యే రాదు | సరే |

మొదటి, చివరి వరసలు మినహా, పాత కాయిల్‌నే తిరిగి బిగిస్తే ఈ పట్టికలోని ఫలితాలు రావు.

## కాయిల్ కడగొచ్చా?

కడగొచ్చు, లాభం తక్కువ. రెండు మూడు రోజులే వాడిన కాయిల్‌ను గోరువెచ్చటి నీళ్లలో ముంచి, నోటితో కాకుండా గాలి పంపుతో ఊది, కనీసం 24 గంటలు ఆరబెడితే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. బయట ఆరినట్టు కనిపించినా దూది లోపల తడి మిగులుతుంది. ఆ తడితో వేడి చేస్తే నోట్లోకి వేడి నీటి చుక్కలు ఎగురుతాయి. ఆల్కహాల్‌లో ముంచిన దూది కాయిల్‌ను మళ్లీ వాడకూడదు. దూది పీల్చుకున్నదంతా ఆవిరై పోయిందని చూసి చెప్పే మార్గం లేదు.

సొంతంగా తీగ చుట్టుకునేవాళ్లకు ఈ చిక్కు లేదు. ఫ్లేవర్ మారినప్పుడల్లా పాత దూది తీసి కొత్తది పెట్టడమే, నిమిషాల పని. పెచ్చు పోవడానికి తీగను తక్కువ వాట్లతో కొద్దికొద్దిగా ఎర్రబడేలా వేడి చేసి, చల్లారాక నీళ్లతో కడిగి బ్రష్ చేస్తారు. కాంతల్, స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలను తక్కువ వేడితో ఇలా చేయొచ్చు. నికెల్, టైటానియం తీగలను ఇలా ఎర్రగా కాల్చకూడదు. రెడీమేడ్ కాయిల్‌ను దూదితో సహా ఇలా వేడి చేస్తే దూది అంటుకుంటుంది.

## ఎవరికి ఏది

పండ్ల ఫ్లేవర్ల మధ్యే తిరిగేవాళ్లు మొదటి పద్ధతితో కాలం గడిపి, కాయిల్ మార్చే రోజున మాత్రం నీళ్లతో కడిగితే చాలు.

మెంథాల్ వదిలి శాశ్వతంగా వేరే రుచికి వెళ్తున్నవాళ్లు ఒక్కసారి గట్టిగా కష్టపడాలి. కొత్త కాయిల్, గాజు-స్టీలు భాగాలకు ఆల్కహాల్, ఆపైన సబ్బు. రింగులను కడగడం కన్నా ట్యాంకుతో పాటు పెట్టెలో వచ్చిన స్పేర్ సెట్ వేయడం మంచిది. అది వాడాల్సిన సందర్భం ఇదే.

కాయిల్ ఊడని పాడ్ వాడేవాళ్లు కడిగే ఆలోచన మానేయొచ్చు. నీళ్లు లోపలికి వెళ్తాయి, బయటికి రావు. ఫ్లేవర్ మార్చినప్పుడు పాడ్ కూడా మార్చాలి. ఖర్చు ఎక్కువనిపిస్తే ఫ్లేవర్ మార్పును పాడ్ ఆయుష్షు ముగిసే రోజుకు వాయిదా వేసుకోవాలి. ఈ ఒక్క అలవాటుతో చాలా డబ్బు మిగులుతుంది.

కొత్త రుచులు వరసగా చూడాలనుకునేవాళ్లు తేలికపాటివి ముందు, ఘాటైనవి చివర పెట్టుకోవాలి. వెనీలా, పుచ్చకాయ, మామిడి, తర్వాత నారింజ, ఆ తర్వాత కాఫీ, అన్నిటికన్నా చివర మెంథాల్. ఈ వరసలో వెళ్తే మధ్యలో నీళ్లతో కడగడం సరిపోతుంది.

## బిగించాక వచ్చే ఇబ్బందులు

కొత్త కాయిల్ దూది కనిపించే రంధ్రాల్లో మూడు నాలుగు చుక్కలు వేసి, గాలి రంధ్రాలు మూసి ట్యాంకు నింపి, 5–10 నిమిషాలు ఆగాలి. కాయిల్ మీద రాసిన వాట్ల కన్నా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. తొందరపడితే మాడిన రుచి వస్తుంది, ఆ కాయిల్‌ను మళ్లీ బాగుచేయలేం.

కడిగిన తర్వాత గుడగుడ శబ్దం వస్తే మధ్య గొట్టంలో నీళ్లో లిక్విడో నిలిచినట్టు. ట్యాంకు తీసి, టిష్యూ చుట్టి పీల్చుకోనివ్వాలి. అడుగు నుంచి కారుతుంటే కాయిల్ సరిగా బిగియలేదు, లేదా ఒక రింగు మెలిపడింది, లేదా రెండు రింగులు తారుమారయ్యాయి. పరికరం కాయిల్ లేదని చూపిస్తే కింది పిన్ తడిగా ఉండొచ్చు. పిన్నునూ పరికరం మీది గుంటనూ పొడి ఇయర్‌బడ్‌తో తుడవాలి. ఆ గుంటను ఎప్పుడూ నీళ్లతో కడగకూడదు. సబ్బు రుచి వస్తే ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ కడగాల్సిందే. పీలుస్తూ పోతే అదే పోతుందిలే అని వదిలేయొద్దు.

ట్యాంకులో మిగిలిన పాత లిక్విడ్‌ను సింకులో పోయకుండా టిష్యూలోకి వంచి, మూత గట్టిగా పడే డబ్బాలోనో మూసిన కవర్లోనో చెత్తలో వేయాలి. సీసాల లెక్కన మిగిలిపోతే ఊరి ప్రమాదకర వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. వాడేసిన పాడ్‌లను బ్రిటన్‌లో వేప్ అమ్మే షాపుల్లోనే తిరిగి ఇవ్వొచ్చు.